ఉప్పుగూడలో ఆర్మేనియనులు, మన్నెగూడలో మావాళ్ళు

ఒక పెత్రమాస నాడు నాయన చెంబెడు నీళ్ళు పట్టుకొని మన్నెగూడ బొందలగడ్డలో చాలాసేపు నిలబడిపోయాడు. నాయనమ్మను పూడ్చిన చోటు ఆయనకు దొరకలేదు. గుర్తుగా పాతిన బండరాయి లేదు, దాని పక్కనుండే తంగేడు పొదా లేదు. ఆనుకొని ఉన్న పొలం ప్లాట్లయింది. నేల చదును చేసే యంత్రం హద్దు దాటి కొన్ని గజాలు ఇటు వచ్చింది. వెళ్ళి అడిగితే, "ఇక్కడ సమాధి ఉన్నట్టు ఎక్కడైనా రాసి ఉందా?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తరువాతి ఆదివారం సాగరు రోడ్డు మీదుగా నగరానికి పోయి, పాతబస్తీలోని ఉప్పుగూడకు వెళ్ళాను. రాసి ఉన్న సమాధులు ఎలా ఉంటాయో చూడాలనిపించింది. అక్కడ ఇళ్ళ మధ్య ఆర్మేనియనుల శ్మశానం ఒకటి ఉంది. రాళ్ళ మీద అక్షరాలున్నాయి. అందులో ఒక్కటీ నాకు చదవరాదు.

వీరి పూర్వీకులు అరస్ నది ఒడ్డున జుల్ఫా అనే పట్టణంలో ఉండేవారు. 1605 ప్రాంతంలో పారశీక చక్రవర్తి షా అబ్బాసు వారిని అక్కడి నుంచి పెకలించి ఇస్ఫహాను పక్కన కొత్త జుల్ఫాలో నిలిపాడు. అక్కడి నుంచి వారి వర్తకం లోకమంతా పాకింది. గోల్కొండ కొలువులో పారశీకం చెల్లుబాటయ్యేది కనుక వారికిక్కడ భాష అడ్డు కాలేదు. రవ్వలకు గోల్కొండ, అద్దకపు బట్టలకు బందరు. ఆ రెంటికీ వచ్చిన వారిలో కొందరు ఇక తిరిగి పోలేదు.

ఆర్మేనియను సమాధి రాతలు సాధారణంగా, ఇది జుల్ఫా వాస్తవ్యుడైన ఫలానావాని సమాధి, అన్న ధోరణిలో ఉంటాయి. సంవత్సరాన్ని అంకెలతో కాక అక్షరాలతో వేస్తారు. వారి లిపిలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. వచ్చిన మొత్తానికి 551 కలిపితే మన క్రీస్తుశకం వస్తుంది. మన శాసనాలలో చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు అని లెక్కకట్టే పద్ధతికి అలవాటుపడ్డ మనకు ఇది మరీ పరాయిగా తోచదు.

ఇక్కడున్న వారిలో ఇద్దరు మతగురువులు. జోహానెస్ 1680లో, సైమన్ 1724లో మరణించారు. ఆ రెండు సంవత్సరాల దగ్గర నేను ఆగిపోయాను. 1680 అంటే తానీషా ఏలుబడి, అక్కన్న మాదన్నల కాలం. 1724 అంటే నిజాముల్ ముల్కు షకర్‌ఖేడా యుద్ధం గెలిచి దక్కనులో నిలదొక్కుకున్న ఏడు. నడుమ 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. ఒక రాజ్యం పోయి, మరొకటి వచ్చేదాకా ఈ చిన్న సమూహం తన వాళ్ళను ఇక్కడే మట్టికి అప్పగిస్తూ వచ్చింది.

ఈ సంగతులు మనదాకా వచ్చింది రాళ్ళు ఉన్నందువల్ల మాత్రమే కాదు. మెస్రోవ్ జేకబ్ సేథ్ అనే పండితుడు భారతదేశంలోని ఆర్మేనియనుల గురించి 1937లో పెద్ద గ్రంథం ప్రచురించి, ఇటువంటి రాతలెన్నో అందులో ఎక్కించాడు. రాత ఉంటే సరిపోదు, చదివేవాడు ఒకడుండాలి. మావాళ్ళకైతే చదివేవాడు ఉన్నాడు, మా నాయన. లేనిది రాతే.

ఇంటికి వచ్చి నోటుపుస్తకం తీశాను. మరునాడు నాయనను వెంటబెట్టుకొని బొందలగడ్డకు వెళ్ళాను. "గీడ మా పెదనాయిన, గా యాపచెట్టు కింద మా మేనత్త" అంటూ ఆయన నడుస్తుంటే, అడుగులు కొలిచి పటం గీశాను. మొత్తం పన్నెండు పేర్లు వచ్చాయి. అందులో అయిదింటికి మాత్రమే చోటు చూపగలిగాడు. నాయనమ్మ ఆ అయిదుగురిలో లేదు. "గింత ముందు రాయకపోతివి బిడ్డా" అన్నాడు.

పటం మీద ఆమె పేరు ఒక మూలగా, చోటు లేకుండా రాసి ఉంచాను. మీ ఊళ్ళో చోటు చూపగల పెద్దలు ఇంకా ఉంటే, పండక్కి పోయినప్పుడు ఒక కాగితం వెంట తీసుకుపొండి.