డాన్యూబ్ ఒడ్డున తురకోడు

మా ఊళ్ళో నాకు మూడు పేర్లు. ఇంట్లో పిలిచేది ఒకటి. బడి రిజిస్టర్‌లో రాసింది ఒకటి. ఈ రెండూ పక్కనపెట్టి ఊరు పిలిచేది మూడోది: తురకోడు. మా గల్లీ తురకోళ్ళ గల్లీ. మేం మాట్లాడే ఉర్దూ తురకం. మా తాతముత్తాతల్లో తుర్కీ దేశం మొహం చూసినవాడు లేడు. ఉర్దూ ఈ దేశంలో పుట్టి, మన దక్కన్‌లో పెరిగిన భాష. అయినా మా మీద వేసిన పేరు ఎక్కడో వేల మైళ్ళ అవతలి మనుషులది. తిట్టాలనుకున్నవాడిదీ అదే మాట, తిట్టే ఉద్దేశం లేనివాడిదీ అదే మాట.

ఆ పేరుకు అసలు హక్కుదారులైన తురకలు యూరప్‌లో ఒక నది వెంట దండు నడిపారు. ఆ నది డాన్యూబ్. దాని ఒడ్డున ఒక రోజంతా తాపీగా సైకిలు తొక్కాను.

మా అమ్మాయి వియన్నాలో చదువుతున్నది. జూలైలో చూడబోతే, "మ్యూజియాలు తర్వాత చూద్దాం అబ్బూ, సైకిలు తొక్కుదాం పదండి" అంది. నాకు నవ్వొచ్చింది. మా అబ్బాజాన్‌ది సైకిల్ టాక్సీ షాపు. గంట కిరాయికి సైకిళ్ళిచ్చి, పంక్చర్లు వేసి మా నలుగుర్నీ సాకాడు. సైకిలు మాకు సరదా కాదు, అన్నం. సెలవు రోజున డబ్బు కట్టి మరీ సైకిలు తొక్కే మనుషుల్ని అక్కడే చూశాను.

మెల్క్ అనే ఊళ్ళో సైకిళ్ళు కిరాయికి తీసుకున్నాం. షాపు కుర్రాడు నా పేరు అడిగి రాసుకున్నాడు. తల ఎత్తి నా మొహం చూడలేదు. ఇది మీకు చిన్న విషయంగా కనిపించవచ్చు. హైదరాబాదులో నేను ఇల్లు వెతుక్కున్నప్పుడు నా పేరు వినేదాకా ఖాళీగా ఉన్న ఇళ్ళు, పేరు వినగానే నిండిపోయాయి. పేరు చెప్పాక అవతలి కళ్ళను చదవడం మాకు చిన్ననాటి నుంచీ పట్టుబడిన విద్య. ఆ ఉదయం ఆ విద్యకు పని పడలేదు.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా దాదాపు 36 కిలోమీటర్లు. ఈ లోయను వాఖావ్ అంటారు. 2000లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నది పక్కనే సైకిళ్ళ దారి. నీళ్ళు పారే వైపే మేమూ పోతున్నాం కాబట్టి పెద్దగా ఎత్తులు లేవు. కొండల మీద మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, కింద ఖుబానీ తోటలు. అవును, మన దావతుల్లో మీఠా చేసే ఖుబానీయే. మనకు ఎండింది దొరుకుతుంది. అక్కడ చెట్టు నుంచి కోసిన పండును బుట్టల్లో పెట్టి దారి పక్కనే అమ్ముతున్నారు. రెండు తిని, నాలుగు జేబులో వేసుకున్నాను.

ఆర్న్స్‌డోర్ఫ్ దగ్గర అవతలి ఒడ్డుకు దాటాం. ఆ పడవకు ఇంజన్ లేదు. నది మీదుగా కట్టిన ఇనుప తాడును పట్టుకుని ఉంటుంది, ప్రవాహమే దాన్ని నెడుతుంది. మన కృష్ణ మీది బల్లకట్టు గుర్తొచ్చింది. అవతల ష్పిట్స్ అనే ఊరు.

మధ్యాహ్నం చర్చి గంటలు మోగాయి. ఆ గంటకూ నా పేరుకూ సంబంధం ఉంది. 1456లో తురకలు ఇదే నది మీది బెల్‌గ్రేడ్‌ను ముట్టడించబోతుంటే, వాళ్ళ నుంచి కాపాడమని ప్రార్థిస్తూ గంటలు కొట్టమని పోప్ ఆజ్ఞ ఇచ్చాడు. 1529లో ఒకసారి, 1683లో మరోసారి తురక సైన్యం వియన్నా దాకా వచ్చి వెనుదిరిగింది. ఇప్పటికీ దాన్ని సిలువకూ నెలవంకకూ జరిగిన యుద్ధమనే చెప్పుకునేవాళ్ళున్నారు.

నిజంగా అంతేనా? 1683లో తురక సుల్తాను పక్షాన హంగరీ క్రైస్తవులున్నారు. వియన్నాను కాపాడవచ్చిన పోలండ్ రాజు సోబియెస్కీ సైన్యంలో లిప్కా తాతార్లున్నారు. వాళ్ళు ముస్లింలు. సుల్తాను వైపు కూడా తాతార్లున్నారు కాబట్టి, గుర్తుపట్టడానికి వీళ్ళు తలమీద గడ్డిపరకలు పెట్టుకున్నారని చెబుతారు. నాలుగేళ్ళ తర్వాత, 1687లో, ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. గెలిచినవాడూ ముస్లిమే, ఓడినవాడూ ముస్లిమే. ఓడిన తానీషా కొలువులో మంత్రులుగా ఉన్నది అక్కన్న, మాదన్న. మరి రాజుల లెక్కలన్నీ మా ఒక్కరి పద్దులోనే ఎందుకు రాస్తారు?

ఆ గడ్డిపరక నన్ను వదల్లేదు. పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ జరిగినప్పుడల్లా మా తలమీద గడ్డిపరక ఉందో లేదో వెతికే కళ్ళ మధ్య పెరిగాం. 1992 డిసెంబర్ 6 తర్వాత మసీదు పోగొట్టుకున్నదీ మేమే, దేశభక్తి రుజువు చూపాల్సిందీ మేమే.

డ్యూర్న్‌స్టైన్ దాటాక ఒక ముసలావిడ సైకిలు పంక్చరై దారి పక్కన నిలబడి ఉంది. సంచిలో సామానుంది, చేయడం తెలియదు. నేను కూర్చున్నాను. నీళ్ళ తొట్టి లేదు. గాలి కొట్టిన ట్యూబును చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే సన్నగా గాలి తగిలింది. అబ్బాజాన్ నేర్పిన పద్ధతి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఆరనిచ్చి, ప్యాచీ అంటించాను. ఆమె చేతులు జోడించినంత పని చేసింది. "ఇండియా?" అని అడిగింది. తలూపాను. అంతటితో సరిపోయింది. ఇక్కడ "పంక్చరోడు" అనేది మమ్మల్ని ఎగతాళి చేసే తిట్టు. మా చదువు మీదా, మా పేదరికం మీదా ఒకేసారి ఉమ్మే మాట. ఆగిపోయిన మనిషిని మళ్ళీ దారికెక్కించే పని తిట్టెలా అయింది?

అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. ఆస్ట్రియా ఇస్లాంను 1912లోనే చట్టప్రకారం గుర్తించింది. వియన్నాలో డాన్యూబ్ దగ్గరే 1979లో తెరిచిన పెద్ద మసీదుంది. అదే దేశం 2017లో బుర్ఖా ముసుగును నిషేధించింది. ఇస్లాం భయం చూపి ఓట్లడిగే పార్టీలు అక్కడా ఉన్నాయి. 1964 ఒప్పందంతో కూలికి వచ్చిన తుర్కీ వాళ్ళ పిల్లలు, మనవలు ఇప్పటికీ "మీదే ఊరు?" అన్న ప్రశ్న వింటున్నారు.

క్రెమ్స్‌లో రైలు కోసం ఎదురుచూస్తుంటే మా అమ్మాయి చెప్పింది. తుర్కీ స్నేహితురాలితో, మా భాషలో ముస్లింలందర్నీ తురకలే అంటారని చెప్పిందట. ఆ పిల్ల ఆశ్చర్యపోయి, "అయితే నీకు తుర్కీ భాష వచ్చా?" అని అడిగిందట.

రాదమ్మా. మాకు తెలుగొచ్చు. ఉర్దూ వచ్చు. తుర్కీ వాళ్ళ మీద మాకు కోపం లేదు, వాళ్ళ పేరు మాకు బరువుగా ఉందంతే. ఇదేం భాషా పండితులు తేల్చాల్సిన సంగతి కాదు. పక్కింటివాళ్ళే తేల్చవచ్చు. మాకు పేర్లున్నాయి. ఆ పేర్లతో పిలవండి.