రేవు దాటితే అదే రాష్ట్రం

జర్మనీలో ఎల్బె నది ఎడమ ఒడ్డున నోయ్ డార్షౌ రేవులో పంటు ఎక్కితే కుడి ఒడ్డున డార్షౌలో దిగడానికి కొద్ది నిమిషాలు చాలు. పంటు పేరు తాన్యా. దిగిన నేల పేరు ఆమ్ట్ నోయ్‌హౌస్. 'ఆమ్ట్' అంటే కచేరీ. కచేరీ పేరే దాని కిందున్న పల్లెలన్నిటికీ అంటుకుపోయింది. విస్తీర్ణం సుమారు 237 చదరపు కిలోమీటర్లు, జనం ఐదు వేల లోపే. జిల్లా కేంద్రం లూనెబుర్గ్ మాత్రం అవతలి ఒడ్డునుంది. పటం చూస్తే గీత గీసినవాడి చెయ్యి జారిందేమో అనిపిస్తుంది. ఈ నేలను నది చీల్చిందని అనడం వాడుక. కరకట్ట వెంట నడుస్తూ పాత లెక్కలు తిరగేసుకున్నకొద్దీ ఆ మాట మీద నాకు నమ్మకం సన్నగిల్లింది. రేవు తెరిచి ఉన్నంతకాలం ఏ దొర మారినా ఇక్కడ చీలిక లేదు.

1689లో, అప్పట్లో ఈ పల్లెలున్న సాక్స్-లావెన్‌బుర్గ్ సంస్థానపు చివరి డ్యూక్ యూలియుస్ ఫ్రాంజ్ మగ సంతానం లేకుండా పోయాడు. హక్కుదారులు వాదులాడుకుంటుండగానే ట్సెల్లె డ్యూక్ గెయోర్గ్ విల్‌హెల్మ్ సైన్యంతో వచ్చి సంస్థానాన్ని పట్టేసుకున్నాడు. 1705లో అతను పోగానే అది హానోవర్ వంశానికి చేరింది. ఆ వంశస్థుడే 1714లో బ్రిటన్ రాజయ్యాడు కాబట్టి 1837 దాకా ఈ పల్లెల ప్రభువూ లండన్ ప్రభువూ ఒకరే. నడుమ నెపోలియన్ సేనలు వచ్చిపోయాయి. 1866లో ప్రష్యా హానోవర్‌ను మింగేసింది. ఇన్ని మార్పుల్లోనూ పెత్తనం ఎడమ ఒడ్డుదే, పల్లెలు కుడి ఒడ్డువే. నది సహజమైన సరిహద్దు కదా అని ఎవరైనా అంటే 1815 చూపిస్తాను. వియన్నా ఒప్పందాల్లో లావెన్‌బుర్గ్‌లో కుడి ఒడ్డు భాగం చాలావరకు చేతులు మారి డెన్మార్క్ రాజుకు చేరింది. నదినే హద్దు చేయడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. అయినా ఆమ్ట్ నోయ్‌హౌస్‌ను హానోవర్ వదులుకోలేదు. 1689 నుంచి 1945 దాకా 256 ఏళ్లు ఈ ఏర్పాటు పడవల మీదే నడిచింది.

1945లోనూ, జర్మనీని పంచుకున్న విజేతల వాటాల లెక్క ప్రకారం ఈ నేల బ్రిటిష్ వాళ్లదే. ఈ నిడివిలో నదికి వంతెన లేదు, ఎగువన డ్యోమిట్స్ దగ్గరున్నవి యుద్ధంలో కూలాయి. అవతలి ఒడ్డును ఏలడం తలనొప్పి అనుకుని ఆ వేసవిలో సోవియట్లకు అప్పగించేశారు. చూశారా, నదే తేల్చింది అని మీరనొచ్చు. వంతెన లేకపోవడం సాకు కావచ్చు, కానీ 1944లోనూ అదే నది, అవే పడవలు. తేడా తర్వాత వచ్చింది. 1952 జూన్‌లో నమ్మదగనివాళ్లని ముద్ర వేసి సరిహద్దు కుటుంబాలను ఇళ్లనుంచి ఖాళీ చేయించారు. ఆ పనికి తూర్పు జర్మనీ అధికారులు వాడుకున్న పేరు 'ఉన్‌గెట్సీఫర్', చీడపురుగులని అర్థం. కోనౌ పల్లెలో కరకట్టను ఆనుకుని కర్రచట్రాల ఎర్ర ఇటుక ఇళ్లు ఒకే వరుసలో ఉంటాయి. కట్ట వెంట కంచె పడ్డాక ఆ ఇళ్లవాళ్లకు పది అడుగులు ఎక్కితే కనిపించే నీళ్లు కూడా నిషేధమయ్యాయి. కట్ట మీద నిలబడి చూస్తే గడ్డి మైదానం, దాని అవతల తాపీగా ఎల్బె. అందులో నాకైతే ఏ గోడా కనబడలేదు.

జర్మనీ తిరిగి ఒక్కటయ్యాక, 1993 జూన్ 30న రెండు రాష్ట్రాల ఒప్పందంతో ఈ పల్లెలు మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమర్న్ నుంచి మళ్లీ ఎడమ ఒడ్డు పెత్తనంలోకి, దిగువ సాక్సనీకి వచ్చాయి. పడమటి సంపద చూసి వచ్చారులే అనేవాళ్లున్నారు. ఆశ అసలు లేదని నేననను. కానీ బెర్లిన్‌ను పక్కనబెడితే, పాత తూర్పు జర్మనీ నేలలో పడమటి రాష్ట్రానికి వెళ్లింది దాదాపు ఇదొక్కటే. డబ్బే కారణమైతే సరిహద్దు పొడవునా ఎన్ని పల్లెలు ఈ బాట పట్టాలి! 48 ఏళ్లంటే ఒక్క మనిషి జ్ఞాపకంలో ఇమిడే కాలం. అవతలి ఒడ్డుకు సంతకో చుట్టాలింటికో వెళ్లొచ్చినవాళ్లు అప్పటికింకా బతికే ఉన్నారు.

అయితే నా వాదానికి అడ్డుపడే చిక్కొకటి ఈ రేవులోనే ఉంది. వంతెన గురించి దశాబ్దాలుగా తర్జనభర్జనలు నడుస్తున్నాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినా, వరదొచ్చినా, మంచు పేరుకున్నా తాన్యా ఆగిపోతుంది. అలాంటి రోజున, మిగతా పంట్లూ కదలకపోతే, లూనెబుర్గ్‌లో పనున్నవాళ్లు దిగువన లావెన్‌బుర్గ్ వంతెనకో, ఎగువన 1992లో తిరిగి కట్టిన డ్యోమిట్స్ వంతెనకో చుట్టు తిరగాలి. అప్పుడు సొంత జిల్లా కేంద్రానికి దారి పొరుగు రాష్ట్రం మీదుగా పడుతుంది.