నోరులేని అమానతు

బర్మింగ్‌హామ్‌లోని మా ఇంటికి హెర్మన్ జాతి తాబేలు పిల్ల వచ్చి మూడేళ్లయింది. మన దేశంలో నక్షత్ర తాబేలును ఇంట పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ హెర్మన్ తాబేలును పెంచుకోవచ్చు. ఇష్టంగా తింటోంది కదా అని దానికి రోజూ లెట్యూస్, టమాటా ముక్కలే పెట్టాను. కడుపు నిండితే చాలుననుకున్నాను.

ఒకనాడు మా అబ్బాయి దాన్ని చేతిలోకి తీసుకొని, "అమ్మీ, దీని డిప్ప మెత్తబడిందేమిటి?" అన్నాడు. పశువైద్యురాలు పరీక్షించి కాల్షియం లోపమని తేల్చారు. లెట్యూస్‌లో అధిక భాగం నీరే. పండ్లలోని చక్కెర దాని పేగులకు సరిపడదు. పోనీ పాలకూర పెడదామంటే, అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటబట్టనివ్వవు.

ఆమె చెప్పిన ఆహారం మా పెరట్లోనే ఉంది! కలుపు మొక్కలని నేను పీకి పారేసిన డాండెలియన్, ప్లాంటెయిన్, క్లోవర్ ఆకులే దానికి తగిన మేత. పురుగుమందు చల్లని చోట కోసి, కడిగి, రోజుకొక రకం మార్చి పెడుతున్నాము. పైన కాస్త కాల్షియం పొడి చల్లుతున్నాము. అతినీలలోహిత కాంతినిచ్చే దీపం కూడా అమర్చాము. ఆ కాంతి లేనిదే దాని ఒంట్లో డి విటమిన్ సరిగా తయారుకాదు.

నెలలు గడిచాక డిప్ప గట్టిపడింది. అయితే అప్పుడు ఏర్పడిన వంకర మాత్రం అలాగే మిగిలిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. కడుపు నింపడం వేరు, పోషించడం వేరు. నోరు తెరిచి అడగలేని జీవి మన చేతిలో అమానతు. దానికేం కావాలో ముందుగా తెలుసుకోవలసింది మనమే.