గ్రీజు కాదు, ఆయిల్

కోవెంట్రీలో బర్మింగ్‌హామ్ వైపు లోకల్ రైలు ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ క్యాన్లీ. మీరెవరైనా వార్విక్ యూనివర్సిటీలో చదివి ఉంటే ఈ పేరు వినే ఉంటారు. స్టేషన్‌లో చూడ్డానికేమీ ఉండదు. బయటికొచ్చి మ్యాప్ తీస్తే మాత్రం దగ్గర్లోనే రెండు రోడ్ల పేర్లు కనిపిస్తాయి. ఒకటి హెరాల్డ్ అవెన్యూ, ఇంకోటి డోలమైట్ అవెన్యూ. ఇవి దొరల పేర్లు కావు, పూల పేర్లూ కావు. కార్ల పేర్లు. ఇప్పుడు ఆఫీసులు, గోడౌన్లు, ఇళ్లు ఉన్న ఈ చోటే ఒకప్పుడు ట్రయంఫ్ కార్ల ఫ్యాక్టరీ. ఇక్కడ కార్ల తయారీ 1980లో ఆగిపోయింది. తర్వాత షెడ్లు నేలమట్టమయ్యాయి. పేర్లు మిగిలాయి.

చదువు కోసం కోవెంట్రీ వచ్చిన కొత్తలో ఆ బోర్డు చూసి రోడ్డు మధ్యలోనే ఆగిపోయాను. 'హెరాల్డ్' అనే మాట మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ వింటున్నదే. తెనాలిలో మా తాతయ్యకు స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి తయారు చేసింది ఈ ట్రయంఫ్ కారునే. నేను పుట్టేసరికి ఆ కారు లేదు. హాల్లో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో మాత్రం ఉంది. హెరాల్డ్‌కి బానెట్ ఒక్కటే లేవదు, మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం ముందుకు ఒరుగుతుంది. అలా నోరు తెరిచిన కారు ముందు టైరు మీద, నిక్కరేసుకున్న కుర్రాడు దర్జాగా కూర్చుని ఉంటాడు. చేతిలో సైకిల్ పంపు. ఆ కుర్రాడు మా నాన్న.

ఉద్యోగం వచ్చాక అందరూ చేసే పని నేను చెయ్యలేదు. నా రెండు నెలల జీతం పోసి ఒక పాత ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కొన్నాను. 1978 మోడల్, రెండే సీట్లు, టాప్ తీసేయొచ్చు. అమ్మకు చెబితే "వానలు పడే దేశంలో పైకప్పు లేని కారేంటే" అంది. పాయింటే. కానీ నాకు ఆ కారు కావాల్సింది వేరే కారణంతో. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ రెండింటి బాడీనీ గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్‌ని హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే కట్టారు. ఒంటి మీద చొక్కా వేరు గానీ ముందు కాళ్లు ఒకటే. అంటే నేను కొన్నది ఒకరకంగా తాతయ్య కారు తమ్ముణ్ని.

కాళ్లు అన్నాను కదా, జబ్బు కూడా వాటికే. గతుకు తగిలితే ముందువైపు ఠక్ ఠక్, బ్రేకు వేస్తే ఎడమకి లాగడం. సస్పెన్షన్ మొత్తం విప్పి, బాగు చేసి, రంగులేసి మళ్లీ బిగించాలి. ఊరి చివర ఒక చిన్న గ్యారేజీ అద్దెకు తీసుకున్నా. యూట్యూబ్ చూసి రెండు శనివారాల్లో అయిపోతుందనుకున్నా. నాలుగు నెలలు పట్టింది.

బానెట్ ఎత్తితే సస్పెన్షన్ అంతా ఎదురుగానే ఉంటుంది. ఫొటోలో నాన్నలాగే టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఆ టైరు తీసేవరకే ఆ సుఖం. తీశాక చలికాలపు సిమెంటు నేలే గతి. పైనా కిందా రెండు విష్‌బోన్లు, అంటే 'ఏ' అక్షరంలా ఉండే చేతులు. వాటి మధ్య షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగు. బయటి చివర్లలో ఆ రెండు చేతుల్నీ కలుపుతూ నిలువుగా నిలబడేది వర్టికల్ లింక్. చక్రం తిరిగేది దీని మీదే. స్ప్రింగు దగ్గర మాత్రం వేళాకోళం వద్దు. నొక్కి పట్టే కంప్రెసర్ సరిగ్గా బిగించకుండా నట్టు విప్పితే ఆ స్ప్రింగు తుపాకీ గుండులా వస్తుంది.

ఇంగ్లండులో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. నలభై ఏళ్లకు పైగా ఆ ఉప్పు తిన్న బోల్టులు ఎలా ఉంటాయో ఊహించుకోండి. కింది విష్‌బోన్ చివర ఒక పొడుగాటి బోల్టు ఉంటుంది. లోపలి ఇనప గొట్టంతో అది ఒకటైపోయింది. నూనె పోశాను, వేడి చేశాను, సుత్తితో కొట్టాను. తెలుగులో తిట్టాను కూడా. చివరికి హాక్సా బ్లేడుతో కోశాను. ఒక్క బోల్టుకి ఒక ఆదివారం.

పక్క గ్యారేజీలో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరయ్యాడు, కుర్రాడిగా ఉన్నప్పుడు క్యాన్లీ ఫ్యాక్టరీలోనే పని చేశాడట. మొదటి నెలంతా గుడ్ మార్నింగ్ తప్ప మాట్లాడలేదు. నేను కోసిన బోల్టు చూశాక టీ ఇచ్చాడు. అది మొదలు రోజూ వచ్చి చూసేవాడు. చెయ్యి మాత్రం వేసేవాడు కాదు.

విప్పిన ముక్కలన్నీ కడిగి, వైరు బ్రష్‌తో రుద్ది, వరసగా పేర్చాను. ఇక రంగు. నా మనసంతా పౌడర్ కోటింగ్ మీద ఉంది. పొడి చల్లి ఓవెన్‌లో కాలుస్తారు, నల్లగా నిగనిగలాడుతుంది, రీల్స్‌లో భలే కనిపిస్తుంది. పెద్దాయన పెదవి విరిచాడు. ఆ పూతకి ఎక్కడైనా రాయి తగిలి పెచ్చు లేస్తే నీళ్లు కిందికి దూరి, పైకి కనిపించకుండా లోపల్లోపలే తుప్పు పడుతుందన్నాడు. బ్రష్‌తో వేసిన ఛాసిస్ పెయింట్ అయితే తుప్పు కంటికి కనిపిస్తుంది, గీకి మళ్లీ వేసుకోవచ్చు. నేను వాదించాను. అప్పుడాయన వర్టికల్ లింక్ చేతిలోకి తీసుకుని, "దీనికి ఏ రంగైనా వేసుకో. ముందు పగులుందో లేదో చూడు. రంగు పడ్డాక ఇది నిజం చెప్పదు" అన్నాడు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు కథ ఈ ముక్కలోనే ఉంది.

వర్టికల్ లింక్ ఉక్కు. దాని అడుగున బోల్టుకి ఉన్నట్టు మర ఉంటుంది. ఆ మర వెళ్లి ట్రనియన్ అనే ఇత్తడి ముక్కలోకి బిగుస్తుంది. ఇప్పటి కార్లలో అక్కడ బాల్ జాయింట్ ఉంటుంది. ట్రయంఫ్‌లో మాత్రం మీరు స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఈ ఉక్కు మర ఇత్తడిలో తిరుగుతుంది. ఒక చక్రానికి కుడి మర, రెండోదానికి ఎడమ మర. బండి ముందు భాగం బరువు, బ్రేకు దెబ్బ, గతుకు దెబ్బ అన్నీ పడేది అక్కడే. దానికి కావాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిల్. ఈపీ 90 అంటారు. కంపెనీ పుస్తకంలోనూ ఆయిల్ అనే రాశారు. ఆయిల్ పల్చగా మరల సందుల్లో పాకుతుంది. గ్రీజు అలా పాకదు. రాన్రానూ గట్టిపడి దారి మూసేస్తుంది. నీళ్లు చేరి మరలోనే నిలుస్తాయి. ఉక్కు లోపల తుప్పు పట్టి సన్నబడుతుంది. ఒకరోజు, సాధారణంగా మలుపులో, ఫట్‌మని విరుగుతుంది. చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది.

చిక్కేమిటంటే చూసేవాళ్లకి అది గ్రీజు కొట్టే చోటులాగే కనిపిస్తుంది. దాంతో మెకానిక్కులు ప్రపంచమంతా అక్కడ గ్రీజే కొట్టారు. నా కారులోనూ అదే, ఎండిపోయిన బెల్లం పాకంలా.

పగులు పరీక్షకి మూడు స్ప్రే డబ్బాలు చాలు. ముందు శుభ్రం చేసేది. తర్వాత ఎర్ర రంగు, అది సందుల్లోకి దిగాక పైన తుడిచెయ్యాలి. చివరికి తెల్లది. తెల్ల పూతలో ఎర్ర గీత కనిపిస్తే అక్కడ పగులున్నట్టే. కుడివైపు లింక్ తెల్లగా ఉండిపోయింది. ఎడమ దానికి మర మొదలయ్యే చోట, అర అంగుళం పొడవున, ఎర్రటి దారం లాంటి గీత తేలింది.

పెద్దాయన ఏమీ అనలేదు. టీ పెట్టడానికి వెళ్లాడు. ఈ ముక్క మీదే నేను ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చాను. ఇక్కడ నలభై ఏళ్లు దాటిన కార్లకి ఏటేటా చేసే ఎంఓటీ టెస్టు తప్పనిసరి కాదు. ఎవరూ చూసి ఉండేవాళ్లు కాదు. నల్లటి నిగనిగల కోటింగ్ కింద అది అలాగే ఉండేది.

మళ్లీ తెనాలికి వస్తాను. 1974లో తాతయ్య వాళ్లు పెళ్లికని ఆ హెరాల్డ్‌లో బెజవాడ బయల్దేరారు. దుగ్గిరాల దాటాక కాలవ పక్క రోడ్డు మీద మలుపులో ముందు చక్రం లోపలికి మడుచుకుపోయింది. కారు జారుకుంటూ వెళ్లి తుమ్మ చెట్టుకి తగిలి ఆగింది. లేకపోతే కాలవలోకే. నాన్నమ్మ చెయ్యి విరిగింది, మణికట్టు దగ్గర వంకరగానే అతికింది. చిన్నప్పుడు ఆ వంకర తడిమి చూస్తూ ఈ కథ వందసార్లు విన్నాను. ప్రతిసారీ ముగింపు ఒకటే: "ఆ డ్రైవరు తాగి గోతిలో దింపాడు." మర్నాడే ఆయన్ని పనిలోంచి తీసేశారు. చిన్న ఊరు కదా, తాగి నడిపాడన్న పేరు పడ్డాక ఇంకెవరూ స్టీరింగు ఇవ్వలేదట.

ఆ సాయంత్రం గ్యారేజీకి తాళం వేసి సిటీ సెంటర్‌లో పాత కెథడ్రల్ దగ్గరికి వెళ్లాను. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకి కోవెంట్రీతో పాటు కాలిపోయిన చర్చి అది. గోడలు నిలబడి ఉన్నాయి, పైన ఆకాశం. వాటిని పడగొట్టకుండా, మరమ్మతూ చెయ్యకుండా, పక్కనే కొత్తది కట్టి 1962లో ప్రారంభించారు. స్పిట్‌ఫైర్ వచ్చిన ఏడాదే. కోవెంట్రీ వస్తే ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఎలాగూ చూస్తారు, ధ్వని వేగాన్ని దాటిన థ్రస్ట్ ఎస్ఎస్‌సీ కారు అక్కడే ఉంది. కానీ చీకటి పడే ముందు ఒకసారి ఈ గోడల మధ్య కూర్చోండి. నేను అక్కడి బల్ల మీద కూర్చునే ఫోన్ చేశాను. తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర.

"నాన్నా, ఆ ఫొటోలో నీ చేతిలో ఉన్నది సైకిల్ పంపేనా?"

"పంపేంటి తల్లీ, గ్రీజు గన్! ముందు చక్రాలకి నెలనెలా నేనే కొట్టేవాణ్ని. తాతయ్య అర్ధ రూపాయి ఇచ్చేవాడు. డ్రైవర్ మామ వద్దు బాబూ అనేవాడు, నేనే లాక్కునేవాణ్ని."

ఆయన నవ్వుతున్నాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను. కారు ఎంతవరకు వచ్చిందని అడిగితే వస్తోంది అన్నాను.

వారం రోజులు నాలో నేనే వాదించుకున్నాను. ఆ రోజు విరిగింది ట్రనియన్ దగ్గరేనని సాక్ష్యం ఏముంది? ముక్క ఎవరూ దాచలేదు. నిజంగానే గోతిలో పడిందేమో. పన్నెండేళ్ల పిల్లాడు గ్రీజు కొట్టడం తప్పు కూడా కాదు, ఊళ్లో మెకానిక్కులంతా అదే చేశారు. మద్రాసు వాళ్లకీ ఈ కార్ల కాళ్లతో తంటాలే. మన మెకానిక్కులకి, ఓనర్లకి హెరాల్డ్ వెనక సస్పెన్షన్ నచ్చక, తర్వాతి గజెల్ మోడల్‌కి మామూలు యాక్సిలే పెట్టారు. ఇన్ని చెప్పుకున్నా, ఆ "వద్దు బాబూ" అన్న మాట దగ్గరికొచ్చేసరికి నా వాదన ఆగిపోయేది. తర్వాతి శనివారం వీడియో కాల్ చేసి ఎర్ర గీత చూపించాను. మర, ఇత్తడి, ఆయిల్, గ్రీజు, అన్నీ చెప్పాను.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నాను.

"మామ కల్లు కూడా ముట్టేవాడు కాదు," అన్నాడు చివరికి. "నాకు తెలుసు. అప్పుడూ తెలుసు."

తర్వాత పనులు చకచకా సాగాయి. రెండు వైపులా కొత్త వర్టికల్ లింకులు, కొత్త ట్రనియన్లు తెప్పించాను. పాత విష్‌బోన్లకి ఎమరీ పేపర్ పట్టి, తుప్పు మందు రాసి, మూడు పూతలు నల్ల ఛాసిస్ పెయింట్ వేశాను. బ్రష్ గీతలు దగ్గరికొచ్చి చూస్తే కనిపిస్తాయి, కనిపించనివ్వండి. వెనకవైపు అడ్డంగా ఉండే కమాన్ కట్ట విప్పి, ఆకులు శుభ్రం చేసి మళ్లీ పేర్చాను. రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం కారు జాకీ మీద ఉండగా బిగించకండి. కారు నేల మీద నిలబడి, బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే బుష్ మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. ఈ తప్పు నేను ఒకవైపు చేసి, మళ్లీ విప్పాను. ట్రనియన్లలోకి ఈపీ 90 ఆయిల్, పైన సీలు దగ్గర చెమ్మ తేలేదాకా ఎక్కించాను. అవసరం లేకపోయినా ఎంఓటీ టెస్టు చేయించాను. పాసైంది.

మొదటి డ్రైవు ఎక్కడికో వేరే చెప్పాలా? పెద్దాయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని హెరాల్డ్ అవెన్యూకి వెళ్లాను. ఠక్ ఠక్ లేదు. ఒక గోడౌన్ ముందు ఆపమని, "మా గేటు ఇక్కడ ఉండేది" అన్నాడు. అక్కడ డెలివరీ వ్యాను ఆగి ఉంది. కాసేపు దాన్నే చూసి, సరే పోదాం అన్నాడు.

మొన్న నాన్న ఫోన్ చేశాడు. డ్రైవర్ మామ పోయి చాలా ఏళ్లయిందట. కొడుకు నందివెలుగులో ఉంటున్నాడని కనుక్కున్నాడు. "నువ్వు వచ్చాక ఇద్దరం వెళ్దాం. ఆ ముక్క పారెయ్యలేదుగా? తీసుకురా. నాకు నోటితో చెప్పడం రాదు."

డిసెంబరులో టికెట్. ప్రతిసారీ తెనాలి నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్లు తూకం వేసి సర్దుకుంటాను. ఈసారి వెళ్లేటప్పుడే సూట్‌కేసు బరువెక్కింది. పాత టవల్‌లో చుట్టి, చాక్లెట్ల పక్కన పెట్టాను.