మిట్ట లేని కారు

ట్రాక్సియోన్ అవాన్ అంటే ముందు నుంచి లాగేదని అర్థం. 1934లో సిట్రోయెన్ కంపెనీ తెచ్చిన ఈ ఫ్రెంచి కారులో ఇంజను బలమంతా ముందు చక్రాలకే. ఎద్దు బండికి ముందుంటుందని పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మోటారు కంపెనీల్లో చాలావాటికి మాత్రం ఆ సంగతి తట్టడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

వెనక చక్రాలకు బలం వెళ్లే కార్లలో ఇంజను నుంచి వెనక్కి పొడుగాటి షాఫ్టు వెళ్తుంది. దానికి చోటివ్వడానికి కారు నేల మధ్యలో మిట్ట లేస్తుంది. రాయపూర్ నుంచి ఆరంగ్ దాకా అంబాసిడర్ టాక్సీలో వెనక సీటు మధ్యన ఇరుక్కుని వచ్చినవారికి ఆ మిట్ట సంగతి మోకాళ్లే చెబుతాయి. చిన్నవాళ్లకు ఎప్పుడూ దక్కేది ఆ చోటే. పెద్దవాళ్లు కిటికీ పక్కన కూర్చుని గాలి బాగుందంటారు. ట్రాక్సియోన్‌లో మిట్ట లేదు, నేల చదును. గేరు కడ్డీ కూడా కాళ్లకు అడ్డం రాదు, డాష్‌బోర్డు లోంచి చేతి దగ్గరికి వస్తుంది.

విడి ఛాసీ లేకుండా ఉక్కు రేకులతో ఒక్కటిగా అతికిన ఒళ్లు కనుక కారు నేలకు దగ్గరగా ఉంటుంది. ఫుట్‌బోర్డు అవసరం పడలేదు. పాత కార్ల ప్రదర్శనల్లో రోల్స్ రాయిస్ చుట్టూ మూగే జనం దీన్ని దాటిపోవడం అన్యాయం. చక్రాలు నాలుగు మూలలకు జరిగి, ముందు మడ్‌గార్డులు కిందికి జారిన తీరు శిల్పి చేతి పనే: రూపమిచ్చిన ఫ్లామినియో బెర్తోని ఇటలీ నుంచి వచ్చిన శిల్పి. యంత్రం సంగతి ఆంద్రే లెఫెవ్ర్ చూశాడు.

తొందరపడి తెచ్చినందువల్ల తొలి కార్లలో ముందు చక్రాలకు బలం చేర్చే జాయింట్లు తరచూ దెబ్బతినేవి. కారు మీద పెట్టిన ఖర్చు కంపెనీని ముంచింది. 1934 డిసెంబరులో దివాలా, పగ్గాలు టైర్ల కంపెనీ మిషెలిన్ చేతికి. 1925 నుంచి ఈఫిల్ టవర్ మీద దీపాలతో వెలిగిన సిట్రోయెన్ పేరు కూడా తర్వాత ఆరిపోయింది. కంపెనీ పెట్టిన ఆంద్రే సిట్రోయెన్ 1935 జులైలో కన్నుమూశాడు. కారు మాత్రం 1957 దాకా తయారైంది, మొత్తం ఏడున్నర లక్షలకు పైనే.

ముందు జాలీ మీది రెండు తలకిందుల 'V' గీతలు యవ్వనంలో ఆంద్రే సిట్రోయెన్ పోలండ్‌లో చూసి పేటెంటు కొన్న గేరు పళ్ల ఆకారం. తిరువళ్లూరులో తయారయ్యే సిట్రోయెన్ కార్ల ముక్కు మీద ఇప్పుడూ ఉన్నవి ఆ గీతలే.