తాళంచెవి తీసినా ఆగని ఇంజను

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నా ఇంజను నడుస్తూనే ఉంది. 2022 జూలైలో ఒక రాత్రి, సికింద్రాబాద్‌లో తన ఇంటి గేటు ముందు, డెబ్బైకి చేరువైన ఒక విశ్రాంత న్యాయవాది కారు పక్కన నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయారు. అర నిమిషం తర్వాత ఎవరో బతిమాలితే ఒప్పుకున్నట్టు అది ఆగింది. వారం రోజులుగా ఏసీ కూడా మొరాయిస్తోంది. డ్యాష్‌బోర్డు మధ్య జాలీల నుంచి గాలి రాదు. ఉన్న గాలంతా ముందద్దం మీదికే పోతుంది. ఈ రెండు జబ్బులకూ మూలం ఒక్కటేనని ఆయనకు అప్పటికి తెలియదు.

అది 1997 నాటి మెర్సిడెస్ ఈ 250 డీజిల్. ఆర్థిక సంస్కరణల తర్వాత, టెల్కో భాగస్వామ్యంతో పుణె దగ్గర 1995లో బిగించడం మొదలుపెట్టిన డబ్ల్యూ 124 తరం కారు. సుప్రీంకోర్టులో ప్రాక్టీసు చేసే రోజుల్లో, 2004లో, ఆయన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ రోడ్ల మీద తిరగరాదని 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. ఆ ఏడాదే ఆయన ప్రాక్టీసు విరమించి, నిరభ్యంతర పత్రం తీసుకుని కారుతో సహా సొంత ఊరికి వచ్చేశారు. ఇప్పుడు సెప్టెంబరులో రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లకు పొడిగించుకోవాలి. తనిఖీకి తీసుకెళ్లిన బండి తాళం తిప్పినా ఆగకపోతే ఏమవుతుందో ఊహించడానికి న్యాయశాస్త్రం అక్కర్లేదు. 'తుక్కుకు ఇచ్చేయండి నాన్నా' అన్నాడు కొడుకు.

మొదటి గ్యారేజీలో ఏసీ గ్యాస్ నింపారు. మార్పు లేదు. రెండో గ్యారేజీలో కంప్రెసర్, కూలింగ్ కాయిల్ రెండూ మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన మొత్తం, కారు అమ్మితే వచ్చే ధర కంటే ఎక్కువ. ఫలితం కనిపించకపోతే కేటాయింపు పెంచడం ప్రభుత్వాలకే కాదు, గ్యారేజీలకూ అలవాటే. ఉన్నది ఎక్కడ ఆగిపోతోందని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న అడిగింది ఒక గల్లీ చివర రేకుల షెడ్డులో పాత జర్మన్ బండ్లు బాగుచేసే ఉస్తాద్. ఏసీ వేయించి, ముందద్దం కింద ఉన్న సందు దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఏసీకి ఏం కాలేదు వకీల్ సాబ్. మంచిగనే చల్లబడ్తుంది. గాలిని మలిపే రెక్కలే కదుల్తలేవు. బండి బంద్ చేస్తే వెంటనే ఆగుతుందా?"

ఆగడం లేదని విన్నాక అతను బానెట్ ఎత్తాడు. ఏసీ గురించి ఇంకేమీ అడగలేదు.

ఈ కాలపు కార్లలో గాలి దారి మార్చే రెక్కలను చిన్న విద్యుత్ మోటార్లు తిప్పుతాయి. 1970ల నుంచి 1990ల దాకా వచ్చిన చాలా అమెరికన్, జర్మన్ కార్లలో ఆ పని వాక్యూమ్‌ది. పెట్రోలు ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు థ్రాటిల్ అడ్డుగా ఉండటం వల్ల మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు అది సుమారు 17 నుంచి 21 అంగుళాల పాదరసం ఉంటుంది. ఇలాంటి డీజిల్ ఇంజనుకు థ్రాటిల్ ఉండదు కాబట్టి, వాక్యూమ్ కోసం ఇంజనుతో పాటు తిరిగే ఒక పంపు ఉంటుంది. అక్కడి నుంచి బయలుదేరిన సన్నని ప్లాస్టిక్ గొట్టాలు డ్యాష్‌బోర్డు వెనక ఉన్న డబ్బాల దాకా వెళతాయి. ప్రతి డబ్బాలో ఒక రబ్బరు పొర. వాక్యూమ్ అందితే పొర లోపలికి లాక్కుని రెక్కను తిప్పుతుంది. అందకపోతే స్ప్రింగు ఆ రెక్కను మళ్లీ మొదటి స్థానానికి తోస్తుంది.

ఆ పంపు ఒక్క ఏసీ రెక్కలకే కాదు, బ్రేకుల బూస్టరుకూ బలం ఇస్తుంది. ఇలాంటి డీజిల్ కార్లలో ఇంజనును ఆపేదీ వాక్యూమే. తాళం తిప్పగానే అది ఇంధన పంపు దగ్గరి డబ్బాకు చేరి ఇంధనం కట్టేస్తుంది. అందుకే డ్యాష్‌బోర్డు వెనక ఎక్కడో చిరిగిన రబ్బరు, బానెట్ కింద ఇంజను ఆగకపోవడంగా బయటపడుతుంది. బ్రేకుల దారిలో మాత్రం ఒకే వైపు తెరుచుకునే వాల్వు ఉంటుంది. మిగతా చోట్ల ఎంత కారినా ఆ నిల్వను అది కాపాడుతుంది.

ఉస్తాద్ చేతిలో ఉన్నవి రెండే పనిముట్లు: గేజీ అమర్చిన చిన్న చేతిపంపు, కొన్ని రబ్బరు బిరడాలు. మొదట ఇంజను పంపు దగ్గర గేజీ పెట్టాడు. ముల్లు 20 అంగుళాలు దాటింది. మూలం బాగానే ఉంది. తర్వాత లోపలికి వెళ్లే గొట్టాన్ని బిరడాతో మూసి తాళం తిప్పించాడు. ఇంజను తక్షణమే ఆగింది. లీకు ఇంజను వైపు లేదు, డ్యాష్‌బోర్డు వైపే ఉంది. అప్పుడు వాల్వుల గుత్తి దగ్గర గొట్టాలను ఒక్కొక్కటిగా విప్పి, చేతిపంపుతో లాగి, ముల్లు నిలుస్తుందో లేదో చూశాడు. రెండు గొట్టాల్లో నిలవలేదు. ఒకదాని చివర ఉన్న రబ్బరు మోచేయి ఎండి పగిలింది. వేలెడంత ముక్కతో ఆ పని అయిపోయింది. రెండోదానికి మధ్య జాలీల డబ్బాలో పొర చిరిగింది. దానికి డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు.

"ముందే డ్యాష్ ఇప్పేటోళ్లు ఉంటరు సాబ్. బయటి రబ్బర్లు చూడకుండ లోపలికి పోతే, ఉన్న క్లిప్పులు గూడ ఇరుగుతయ్" అన్నాడు.

ఆ రెండు రోజులూ న్యాయవాది షెడ్డులోనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. వాక్యూమ్ పోయినప్పుడు గాలి ముందద్దం వైపే ఎందుకు పోతుందని అడిగారు. ఉస్తాద్ తలెత్తకుండానే, "చలి దేశంల జేసిన బండి కదా. అన్నీ ఫెయిలైనా అద్దం కనబడాలె" అన్నాడు.

ఆయన్ను పట్టుకున్న మాట అదే. యంత్రం చెడిపోతుందని దాన్ని గీసినవాళ్లకు ముందే తెలుసు. చెడిపోయిన రోజున ప్రయాణికుడి సుఖం పోయినా ఫరవాలేదు, డ్రైవరు చూపు పోకూడదని వాళ్లు నిర్ణయించారు. ఆ నిర్ణయాన్ని ఎవరి విచక్షణకూ వదలక స్ప్రింగులో పెట్టారు. అయితే అదే స్ప్రింగు హైదరాబాద్ వానాకాలంలో వేరే పని చేసింది. ఏసీ చల్లగాలి అదేపనిగా తగిలి చల్లబడిన అద్దం మీద, బయటి తేమ పొగమంచులా పట్టింది. ఆయన లోపలి నుంచి గుడ్డతో ఎంత తుడిచినా పోలేదు. మంచు బయట ఉందని, వైపర్ వేస్తే పోతుందని అర్థమయ్యేసరికి ఒక ఆటోను తృటిలో తప్పించాల్సి వచ్చింది. చూపు కాపాడటానికి పెట్టిన ఏర్పాటే, వాతావరణం మారినప్పుడు చూపును మూసేసింది.

1976లో ఆయన న్యాయశాస్త్ర విద్యార్థి. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కుల్ని నిలిపివేసే అధికారం జర్మనీ వైమార్ రాజ్యాంగం నుంచి వచ్చిందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న తరం. ఆ ఏడాది ఏప్రిల్ 28న, అకారణంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ కోసం కోర్టుకు వెళ్లే హక్కు అత్యవసర పరిస్థితిలో ఉండదని సుప్రీంకోర్టు 4–1 మెజారిటీతో తీర్పు చెప్పింది. విభేదించిన న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నాకు మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. దేశాన్ని కాపాడటానికని పెట్టిన ఏర్పాటు, పౌరుడికి కోర్టు తలుపు మూసేసింది.

దిద్దుబాటు 1978లో 44వ సవరణగా వచ్చింది. 'అంతర్గత కల్లోలం' అన్న వదులు మాట తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని రాశారు. ఎంతటి అత్యవసరంలోనైనా 20, 21 అధికరణల అమలును నిలిపివేయరాదన్నారు. అంటే, అన్నీ విఫలమైన రోజున ఏది తెరిచి ఉండాలో ముందే నిర్ణయించి, పాలకుల మంచితనానికి వదలకుండా రాజ్యాంగంలోనే బిగించారు. 1976 తీర్పును సుప్రీంకోర్టు స్వయంగా కొట్టివేయడానికి మాత్రం 2017 దాకా పట్టింది.

వ్యవస్థలు సజావుగా నడిచేటప్పుడు అన్నీ మంచివిగానే కనిపిస్తాయి. చట్టసభ కొలువైనప్పుడు, కోర్టు తెరిచినప్పుడు, అధికారి ఫోను ఎత్తినప్పుడు పౌరుడికి తేడా తెలియదు. ఆ బలం అందని రోజున వాటి రెక్కలు ఎటు వాలతాయన్నదే అసలు పరీక్ష. ఎన్నికలు జరగని పంచాయతీలో అధికారం ప్రత్యేకాధికారికి చేరుతుంది. విచారణ మొదలుకాని కేసులో నిందితుడు జైల్లోనే ఉండిపోతాడు. ఇవి ఎవరి దురుద్దేశాలూ అక్కర్లేకుండానే జరుగుతాయి. స్ప్రింగు అటే తోస్తుంది మరి.

రెండో రోజు సాయంత్రం డ్యాష్‌బోర్డు తిరిగి బిగించారు. తుక్కుకు పోయిన వేరే కారు నుంచి తీసి దాచిన డబ్బాలోని పొర బాగానే పట్టింది. మధ్య జాలీల నుంచి చల్లగాలి వచ్చింది. ఖర్చు, రెండో గ్యారేజీ చెప్పినదాంట్లో పదోవంతు కూడా కాలేదు. న్యాయవాది తాళం తిప్పారు. ఇంజను వెంటనే ఆగింది.

"పాస్ అయితది సాబ్" అన్నాడు ఉస్తాద్, చేతులు తుడుచుకుంటూ. సెప్టెంబరులో తనిఖీ అధికారి కూడా ముందుగా చూసింది అదే: తాళం తిప్పితే బండి ఆగుతుందా లేదా అని.