సూర్యకుటుంబపు పాత భోషాణము

ఇంట దినదినము వాడుకలోనుండు వస్తువులు అరిగి, నలిగి, రూపు మాఱును. అటకమీద మూలబడిన పాత భోషాణములోని వస్తువులు మాత్రము పెట్టినవి పెట్టినట్లే యుండును. ముత్తవ్వ పెండ్లిచీర యంచు ఏ రంగో తెలిసికొనవలెనన్న ఆ భోషాణమునే తెఱచి చూడవలయును. సూర్యకుటుంబమునకును అట్టి భోషాణ మొకటి కలదు. దానినిగూర్చి చదివినది మొదలు నా మనస్సు దానిమీదనే యుండుటచేత, సోదరీమణులతో ఆ ముచ్చట చెప్పుకొన దలచితిని.

సూర్యునికిని భూమికిని నడుమ దూరము సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. నెప్ట్యూను అను గ్రహము దీనికి ముప్పది రెట్ల దూరమున తిరుగుచున్నది. దాని కావల, ఏబది రెట్ల దూరము వఱకును, మంచుతోను శిలలతోను గూడిన చిన్న చిన్న పిండములు సూర్యుని జుట్టి తిరుగుచున్నవి. ఈ ప్రదేశమును కైపర్ మేఖల యందురు. అచ్చటి చలి సున్నకు దిగువ 220 డిగ్రీలకు మించియుండును. సుమారు 460 కోట్ల యేండ్ల క్రిందట సూర్యుడును గ్రహములును రూపొందినపుడు మిగిలిపోయిన పదార్థము, ఆ చలివలన, పెద్ద మార్పు లేక అచ్చట నిలిచియున్నది. మన భూమియో, నిప్పులో గరగి, వానలలో నాని, ఎన్నియో మారులు రూపు మార్చుకొన్నది. తన పుట్టుక కథను తనయొద్ద దాచుకొనలేకపోయినది.

ఇట్టి పిండము లుండవచ్చునని 1940 దశకముననే ఐర్లండు దేశస్థుడైన కెన్నెత్ ఎడ్జ్‌వర్త్ వ్రాసెను. 1951లో జెరార్డ్ కైపర్ అను శాస్త్రజ్ఞుడును ఈ విషయమును చర్చించెను. ఆయన పేరే మేఖలకు నిలిచినది. కాని ప్లూటోయు దాని చందమామయు దప్ప అచ్చట మఱి దేనినైనను కంట జూచినవారు చాలకాలము వఱకు లేరు.

1987లో అమెరికాదేశమున డేవిడ్ జ్యూయిట్ అను ఆచార్యుడు ఈ వెదకులాటకు బూనుకొనెను. ఆయనకు దోడుగా నిలిచినది జేన్ లూ అను విద్యార్థిని. ఈమె 1963లో వియత్నాము దేశపు సైగాను నగరమున జన్మించెను. 1975లో ఆ నగరము పతనమైనపుడు కుటుంబముతో అమెరికాకు శరణార్థిగా వచ్చిన బాలిక. తరువాత భౌతికశాస్త్రమున పట్టము పొంది, వాయేజర్ నౌకలు పంపిన గ్రహముల చిత్రములను జూచి, ఖగోళశాస్త్రమునందు మక్కువ పెంచుకొనెను.

వారి పద్ధతి చెప్పుటకు సులభము, చేయుటకే కష్టము. ఆకాశమున నొకే చోటును కొంత వ్యవధితో పలుమారులు చిత్రము తీసి, ఆ చిత్రములను ఒకదానివెంట నొకటి తెరమీద చూతురు. నక్షత్రములు కదలవు. ఏ చుక్కయైన కొంచెము జరిగినచో, అది సూర్యకుటుంబమునకు జెందినదని యర్థము. రైలులో బోవునపుడు ప్రక్కనున్న తుమ్మచెట్లు గిఱ్ఱున వెనుకకు బోవును. దూరపు కొండ మెల్లగ జరుగును. అట్లే భూమి పరుగువలన దగ్గఱి పిండము వేగముగను, దూరపుది నెమ్మదిగను జరిగినట్లు కనబడును. వారికి గావలసినది అన్నిటికంటె నెమ్మదియైన చుక్క. అయిదేండ్లు అది చిక్కలేదు.

1992 ఆగస్టు 30వ తేదీ రాత్రి, హవాయి దీవిలో 4,200 మీటర్ల ఎత్తుగల మౌనాకియా శిఖరముననుండి, 2.2 మీటర్ల దూరదర్శినితో చూచుచుండగా ఆ చుక్క కనబడినది. సూర్యుని వెలుగు మనల జేరుటకు ఎనిమిది నిమిషములు పట్టగా, దానిని జేరుటకు అయిదున్నర గంటలకు మించి పట్టును. సూర్యుని ఒక చుట్టు తిరుగుటకు దానికి సుమారు 290 ఏండ్లు కావలెను. 2018లో దానికి ఆల్బియన్ అను పేరు స్థిరపడినది. ఆ పిమ్మట అట్టివి వేలకొలది తెలియవచ్చినవి. 2012లో జేన్ లూ, జ్యూయిట్‌లకు షా బహుమానమును, కావ్లీ బహుమానమును లభించినవి.

2019 జనవరి 1వ తేదీన న్యూ హొరైజన్స్ అను నౌక, సుమారు 650 కోట్ల కిలోమీటర్ల దూరమున, ఆరొకోత్ అను పిండము చెంతనుండి పోయినది. అది రెండుండలు కలిసి యొకటియైనట్లున్న యెఱ్ఱని పిండము. ఆ యుండలు ఢీకొని పగులలేదు. మెల్లగ నొకదాని నొకటి తాకి అతుకుకొన్నవి. గ్రహములకు మొదటి ముద్దలు ఎంత నెమ్మదిగా గూడినవో చూపు సాక్ష్యము ఇదియే.

మా అన్నగారి కుమార్తె ఈ శాస్త్రమునే చదివెదనని పట్టు పట్టియున్నది. మా వదినెగారు నన్ను బిలిచి, “ఏమమ్మా, మంచుగడ్డలను వెదకిన కడుపు నిండునా? ఆడపిల్లకు అక్కఱకు వచ్చు చదువే లేదా?” యని యడిగిరి. కడుపు నిండునని నేను బొంకలేదు. “వదినెగారూ, ఒక సంబంధము వచ్చినచో మీరు ఏడు తరములు విచారింతురు గదా! మనలను మోయుచున్న ఈ భూమి పుట్టుపూర్వోత్తరములు విచారించువారు మాత్రము ఒక్కరైన నుండవలదా? ఆ ఒక్కరు మన పిల్ల ఏల కారాదు?” అంటిని. ఆమె నవ్విరి గాని, సరే యనలేదు.

1930లో ఇంగ్లండు దేశపు ఆక్స్‌ఫర్డు నగరమున, ఫలహారపు బల్లయొద్ద, క్రొత్తగా గనుగొన్న గ్రహమునుగూర్చి తాత చెప్పగా, పదునొకండేండ్ల వెనీషియా బర్నీ “ప్లూటో యని పిలువరాదా?” యనెను. ఆ తాత పిల్లమాటయని త్రోసివేయక ఒక ఖగోళశాస్త్రాచార్యునికి దెలిపెను. ఆయన తంతిమూలమున అమెరికాకు బంపగా, ఆ పేరే నిలిచినది. 2006లో ప్లూటో గ్రహముల వరుసనుండి తొలగి మరుగుజ్జు గ్రహమైనను, ఆ బాలిక పెట్టిన పేరు తొలగలేదు.

సోదరీమణులారా! మన యిండ్లలోను అట్టి బల్లలు, అట్టి మాటలు కలవు. వినుటకు తాతయో, మేనత్తయో కావలెను. మా పిల్ల దరఖాస్తు గడువునకు ఇంకను పది దినము లున్నవి. నేను మరల వదినెగారి యొద్దకు బోవుచున్నాను.